టైర్లకు కొలతలు

ఆ రోజుల్లో, అంటే బ్యాంకులో కొత్తగా చేరి మొదటి జీతాల మత్తు ఇంకా దిగని రోజుల్లో, నాకు తెలియని విషయమంటూ లోకంలో ఉండేది కాదు. ఫోన్లో ఓ వీడియో చూస్తే చాలు, సగం ఇంజనీర్నైపోయేదాన్ని. మిగతా సగం ధైర్యంతో నెట్టుకొచ్చేదాన్ని. ఆ ధైర్యంతోనే మా పెదనాన్న బండికి వైద్యం మొదలుపెట్టాను.

పెదనాన్న కార్పొరేషన్‌లో చెత్తలారీ నడిపి రిటైరై, మెటియాబ్రుజ్‌లో ఉండేవాడు. బండంటే పాత కారు, నాలుగు చక్రాలనూ ఇంజనే తిప్పే రకం. పెద్దమ్మ ఉన్నన్నాళ్లూ ఆదివారమైతే ఆవిణ్ణి వెనక సీట్లో కూర్చోబెట్టుకుని బడ్జ్ బడ్జ్‌లో గంగ ఒడ్డుకు తీసుకెళ్లేవాడు. (ముందు సీటు ఆవిడకు గిట్టేది కాదు. "ముందు కూకుంటే నీతోపాటు నేనూ బ్రేకు తొక్కాల" అనేది.) ఆవిడ పోయాక ఆయన గుమ్మం దాటేది ఆ బండి కోసమే. అలాంటి బండి మలుపు తిప్పితే చాలు, మూలగడం మొదలుపెట్టింది. సందులోకి తిరిగేటప్పుడు ఎవరో వెనక్కి లాగుతున్నట్టు గింజుకునేది. మెకానిక్ దాదా ఒక చుట్టు నడిపి చూసి, "గేర్‌బాక్స్ గేఛే" అన్నాడు బెంగాలీలో. పోయిందట, తుక్కుకిచ్చేయమన్నాడు. ఆ సాయంత్రం పెదనాన్న అన్నం సరిగా తినలేదు. బండి పోతే ఈయన ఏమైపోతాడోనని నాకు భయమేసింది.

ఆఫీసు చుడీదార్‌తోనే బండి కింద దూరి, వెనక చక్రాలకు వెళ్లే షాఫ్టును పట్టుకుని ఊపాను. అది కదల్లేదు గానీ నా జుట్టంతా గ్రీజయింది. గేరు ఆయిలు మార్పించినా మూలుగు తగ్గలేదు. పెదనాన్న స్టూలు మీద కూర్చుని, "ఏటే, నాడి దొరికిందేటి?" అని గంభీరంగా అడిగేవాడు.

ఆదివారం పట్టుబట్టి బడ్జ్ బడ్జ్ తీసుకెళ్లాను. ఒడ్డున బురదలో బండి కిక్కురుమనకుండా తిరిగింది. పొడి రోడ్డెక్కి మలుపు తిప్పగానే మళ్లీ మూలుగు. బురదలో చక్రాలు జారి సర్దుకుంటున్నాయి, గట్టి రోడ్డు మీద ఆ వీల్లేక ఒకదాన్నొకటి లాక్కుంటున్నాయి. అయితే చక్రాలే సమానంగా లేవన్నమాట! ఇంటికి రాగానే పక్కింటి దర్జీ చాచా దగ్గర టేపు తెచ్చాను. (అది చాలకపోతే ఆయనే నాడా ముడేసిచ్చి, జాకెట్టు ఎవరికని అడిగాడు.) ముందు టైర్లు కొత్తవి. వెనకవి బాగా అరిగి, చుట్టుకొలత తగ్గి ఉన్నాయి.

"గేర్‌బాక్స్ బాగానే ఉంది పెదనాన్నా! వెనక టైర్లు కూడా మార్చేస్తే చాలు. ఇలాగే తిప్పితే మాత్రం నిజంగానే పోతుంది" అని కేకేశాను.

ఆయన స్టూలు మీంచి లేవలేదు. "ముందువి పగిలిపోయినప్పుడు నాలుగూ మార్చీమన్నాడు కొట్టోడు. ఎనకవి వద్దని నేనే అన్నానే" అన్నాడు. "ఆకరి విశ్వకర్మ పూజకి మీ పెద్దమ్మకి మోకాళ్లు వంగలేదు. ముందు దాకా రాలేక ఎనక రెండింటికే పసుపు రాసి, నిమ్మకాయలెట్టి, అక్కడే కూలబడిపోయింది. దాని సెయ్యి తగిలిన టైర్లే అవి."

ఏ వీడియోలోనూ ఇది చెప్పలేదు.

"ముందుకి కూడా పాతవే ఎట్టేస్తే?" అన్నాడు ఆశగా.

"అవి పగిలిపోయాయి కదా పెదనాన్నా."

ఆయన లేచి వెనక టైరు మీద అరచెయ్యి వేసి చాలాసేపు నిలబడ్డాడు. "అయితే మార్పించీయే" అన్నాడు.

మరుసటి ఆదివారం నేను నడిపాను. ఆయన వెనక, పెద్దమ్మ సీట్లో కూర్చున్నాడు. సందు మలుపులో బండి నున్నగా తిరిగింది. "ఏటే, మూలగదేటి?" అన్నాడు. "ఇంకెందుకు మూలుగుతుంది, బాగుచేశాను కదా!" అన్నాను గర్వంగా. అద్దంలో చూస్తే ఆయన పక్కనున్న ఖాళీ సీటు మీద చెయ్యేసి బయటికి చూస్తున్నాడు.

ఇప్పుడు పెదనాన్న లేడు, బండి నా దగ్గరుంది. విశ్వకర్మ పూజనాడు వెనక రెండు చక్రాలకే పసుపు రాసి, నిమ్మకాయలు పెట్టి, కాసేపు అక్కడే కూర్చుంటాను. బ్యాంకులో కొత్తగా చేరిన, అన్నీ తెలిసిన ఆనాటి పిల్ల చూసుంటే, నాలుగు చక్రాలనూ సమానంగా చూడాలని నాకు పెద్ద పాఠమే చెప్పేది.