గోపాలపట్నంలో తుప్పలు

మా పెదనాన్న కుర్రతనంలో విశాఖపట్నం ఓడరేవులో కొన్ని నెలలు పనిచేశాడు. ఎందుకు మానేశాడో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. మానిపించారని మా అమ్మ వంటింట్లో గొణిగేది. ఆ కొన్ని నెలలతోనే ఆయన వైజాగ్ మీద మా ఇంటికి సర్వాధికారి అయిపోయాడు. చోడవరంలో మా వీధివాళ్లకి అక్కడ ఏ పనిపడినా ముందు మా అరుగు మీదకొచ్చి ఆయన చెప్పింది వినాలి. ఆయన కాలు మీద కాలేసుకుని, "నా అనుభవం మీద సెప్తన్నాను, ఇనుకో," అని మొదలుపెట్టేవాడు. ఆ మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ అనుభవం ఏపాటిదో చెప్తాను. రేవు దగ్గర ఏదో హోటల్లో ఒకసారి చేపల పులుసు తిన్నాడట, కడుపు చెడిందట. ఇక వైజాగ్‌లో చేప ముట్టకూడదని మా ఇంట్లో శాసనం. సముద్రం ఒడ్డునున్న ఊళ్లో చేప తినకూడదట! ఇంకోసారి సైకిలువాడెవడో గుద్దేశాడు, దాంతో అక్కడి మనుషులెవరికీ బ్రేకులు వేయడం రాదని తేలిపోయింది. వీటికైతే నవ్వుకుని ఊరుకోవచ్చు. కానీ ఆ కడుపునొప్పికి ఆసుపత్రికి వెళ్లినప్పుడు ఒక నర్సు ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం కూడా చూశాడాయన. అంతే, మా ఇంటి ఆడపిల్లలు నర్సు చదువు చదవకూడదు. ఇంటర్ అయ్యాక నేను చదువుదామనుకున్నది ఆ చదువే. ఆ మహాతల్లి ఏ మాటకి నవ్విందో గానీ, నేను పుట్టకముందు నవ్విన నవ్వుకి నా చదువు పోయింది.

మా నాన్న చెరకు రైతు. ఆయన తిరిగిన దూరం అనకాపల్లి బెల్లం మార్కెట్‌తో సరి. చెరకు గురించి ఎవడైనా నోటికొచ్చింది చెబితే, "తోటలోకొచ్చి సూసి మాటాడు," అని మొహమాటం లేకుండా తోసేసేవాడు. అదే అన్నగారి మాటయితే ఏ తోటా చూడక్కర్లేదు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటారు. మా ఇంట్లో పెదనాన్న పట్టిన కుందేలుకి కాళ్లు లెక్కపెట్టే మగాడు లేడు.

ఇక నాకు మిగిలింది టీచర్ ట్రైనింగ్. దానికి ఎంట్రన్స్ రాయాలి. అందులో సీటొస్తే చదువు, రాకపోతే ఇంట్లో పేడకళ్లు ఎత్తడం, అంతే. తొంభైల్లో మా వీధిలో ఆడపిల్లకి మూడో దారి ఉండేది కాదు. దరఖాస్తు పెట్టాను, హాల్ టికెట్ వచ్చింది. పరీక్ష గోపాలపట్నంలో ఒక కాలేజీలో అని రాసి ఉంది. మా చోడవరం బస్సు వైజాగ్ ఊళ్లోకి వెళ్లేముందు ఆ గోపాలపట్నం మీదుగానే పోతుంది. ఇంతకన్నా సుఖం ఏముంటుందనుకున్నాను. పెదనాన్న హాల్ టికెట్‌ని దూరంగా పట్టుకుని చూసి నవ్వాడు.

"గోపాలపట్నంలో కాలేజీ ఏటే? అక్కడ తుప్పలూ రైలుకట్టా తప్ప ఏటున్నాయి? నేను సూడనేటి? కాలేజీలన్నీ ఊళ్లో, పాత పోస్టాఫీసు కాడ. అచ్చు తప్పేసుంటారు."

"ఇక్కడ రాసుంది కదా పెదనాన్నా."

"రాసినోడు వైజాగ్ సూసేడో లేదో. నేను సూసేను."

"అన్న సెప్తన్నాడు కదే, ఊరుకో," అన్నాడు నాన్న.

పరీక్ష రోజు పొద్దున్నే ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని బస్సులో నా పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా ఓడల గురించి చెబుతూనే ఉన్నాడు. గోపాలపట్నంలో బస్సు ఆగింది. కిటికీలోంచి చూస్తే తుప్ప అనేది ఒక్కటి లేదు. మేడలు, మెడికల్ షాపులు, టిఫిన్ హోటళ్లు. వాటి వెనక, హాల్ టికెట్ మీదున్న పేరే పెద్ద అక్షరాల బోర్డుగా కాలేజీ కనిపిస్తోంది. పరీక్ష అట్టలు పట్టుకున్న పిల్లలు బిలబిలా దిగుతున్నారు. నేను లేచాను. ఆయన నా చెయ్యి పట్టుకుని లాగాడు.

"కూకో. ఈళ్లందరూ తప్పు దిగతన్నారు."

బస్సు సగం ఖాళీ అయింది. అంతమంది తప్పట, ఈయనొక్కడూ ఒప్పట. పెదనాన్న చెయ్యి విదిలించుకుని దిగిపోవడం మా ఇళ్లలో ఏ పిల్లా చేయని పని. కూర్చున్నాను. కళ్లముందే ఆ బోర్డు వెనక్కి వెళ్లిపోయింది.

పాత పోస్టాఫీసు దగ్గర ఆయన గుడ్డెద్దు చేలో పడ్డట్టు తిరిగాడు. ఆయన బస చేసిన లాడ్జి లేదు, భోంచేసిన హోటల్ లేదు. ఎవరినైనా అడుగుదాం పెదనాన్నా అంటే, "అడిగితే కొత్తోళ్లనుకుంటారే," అన్నాడు. చివరికి నేనే ఒక కిళ్లీకొట్టు ఆయనకి హాల్ టికెట్ చూపించాను. ఆయన అది చూసి, నన్ను చూసి, "ఇది గోపాలపట్నం కదమ్మా," అన్నాడు జాలిగా. మళ్లీ బస్సెక్కి వెనక్కి వచ్చేసరికి కాలేజీ గేటు మూసేశారు.

"ఏ ఊరమ్మా?" అన్నాడు వాచ్‌మన్.

"చోడవరం."

"మరి చోడవరం బస్సు ఈ ముందునించే కదా వస్తాది!"

పెదనాన్న ఆ మూడంతస్తుల మేడని తలెత్తి చూసి, "ఇది ఇప్పుడు కట్టేరు," అన్నాడు, తనని అడక్కుండా కట్టినందుకు వాళ్లదే తప్పన్నట్టు. తిరుగు బస్సులో నేను ఏడుస్తూ కూర్చున్నాను. ఆయన గురక పెట్టి నిద్రపోయాడు.

ఇంటికొచ్చాక నాన్నతో ఏమన్నాడో వినండి. "ఊరంతా మార్చీసేరురా తమ్ముడూ. అయినా ఈ గుంటకి నోరు లేదు. ఇక్కడే దిగాలని గట్టిగా సెప్పొద్దేటి?" అమ్మ నాకంటే ముందు ఆయనకి మజ్జిగ తెచ్చి ఇచ్చింది, పాపం ఎండలో తిరిగొచ్చారని.

ఏడాదంతా పేడకళ్లు ఎత్తాను. మళ్లీ దరఖాస్తు పెడితే మళ్లీ అదే కాలేజీ వచ్చింది. ఒక్కదాన్నే వెళ్తాను, నాకు చోటు తెలుసు అన్నాను.

"ఒక్కర్తివేటి?" అన్నాడు నాన్న. "అన్నకి అనుభవం ఉంది. పోన్సారి కూడా అన్నే కదా ఎల్లేడు."

నేను వెళ్లలేదా? అదే బస్సు, అదే ఎండ, అదే మూసిన గేటు. ఆయన వెళ్తే అది అనుభవం, నేను వెళ్తే దారి తప్పడం. మనిషికి తెలివి చూసినదాన్నిబట్టి వస్తుందని పెద్దలంటారు. మా ఇంట్లో మాత్రం ఎవరు చూశారన్నదాన్నిబట్టి వచ్చేది. ఆడపిల్ల కళ్లతో చూసినది చూసినట్టే కాదు.

బస్సు గోపాలపట్నంలో ఆగింది. ఈసారైనా లేస్తాడేమో అనుకున్నాను. ఆయనా నేర్చుకున్నాడు మరి!

"ఇక్కడ గేటు మూసీసుంటాది. పోన్సారి సూసేం కదా. ముందు ఊళ్లోకెళ్లి కనుక్కునొద్దాం, కూకో."

లేచాను. ఆయన నా చేతిలో అట్ట గట్టిగా పట్టుకున్నాడు. అట్ట ఆయన చేతికే వదిలేసి దిగిపోయాను. "ఒసే! తప్పిపోతావే!" అని కిటికీలోంచి అరుస్తూనే ఉన్నాడు, బస్సు ఆయన్ని తీసుకుని కదిలిపోయింది. గేటు బార్లా తెరిచి ఉంది. అట్ట లేకుండా, గీతలు పడ్డ బెంచి మీదే కాగితం పెట్టుకుని రాశాను.

సీటొచ్చింది. అమ్మ మాడుగుల హల్వా తెప్పించి మొదటి ముక్క పెదనాన్న చేతిలో పెట్టింది. "నేను తీసికెళ్లబట్టి కానీ, లేకపోతేనా," అని ఆయన హల్వా నోట్లో వేసుకున్నాడు. అందరూ తలూపారు. అంత అసహ్యం నాకు మళ్లీ ఎప్పుడూ ఎవరి మీదా కలగలేదు, తలూపినవాళ్ల మీద కలిగినంత.

మరుసటేడు బుచ్చయ్యపేట నుంచి మా బంధువొకాయన కూతుర్ని వెంటబెట్టుకుని మా అరుగెక్కాడు. పిల్లకి అదే పరీక్షట, పెదనాన్న తోడు రావాలట. "నా అనుభవం మీద సెప్తన్నాను," అని ఆయన మొదలుపెట్టేశాడు. మంచినీళ్ల వంకతో నేను ఆ పిల్లని లోపలికి తీసుకెళ్లాను.

"గోపాలపట్నం రాగానే దిగిపో. ఆయన చెయ్యి పట్టుకు లాగినా సరే, దిగిపో. నేను వెళ్లేను, నాకు తెలుసు."

ఆ పిల్ల నా చేతిలో గ్లాసు అందుకుంది.

"నువ్వు ఎన్నిసార్లు ఎల్లేవక్కా?"

"రెండుసార్లు."

"ఆయన బోల్డుసార్లు ఎల్లేరంట కదా," అంది, నీళ్లు తాగి గ్లాసు నా చేతికిచ్చి, అరుగు మీదకి వెళ్లిపోయింది.