మేత మిషనుకు నేను పెట్టిన బొట్టు

కలిదిండిలో చేపల మేత మిల్లులో మా అబ్బాయి విడతకింతని తవుడు, వేరుశనగ చెక్క తూచి కలిపేవాడు. ఇకమీదట ఆ పనంతా కంప్యూటరు పెట్టె చూసుకుంటుందన్నారు. వాడి ఉద్యోగం పోతుందని నాకు ఒకటే బెంగ. ఈ రోజు కొత్త మిషను పూజకు వెళ్లి, “మా వాడి పొట్ట కొట్టకే తల్లీ” అని దండం పెట్టి, దొరికినచోటల్లా పసుపు రాసి బొట్లు పెట్టాను. మిషను కదిలితే ఒట్టు!

ఇంజనీరమ్మాయి వెతికి వెతికి నవ్వింది.

“మామ్మగారూ, తొట్టి నిండిందో లేదో చూసే కన్నండీ ఇది. మీ బొట్టు అడ్డమొచ్చి, నిండిపోయిందనుకుంటోంది.”

“ఏం చెయ్యనమ్మా, దీనికి కన్నుంది గానీ నుదురెక్కడా కనబడలేదు!”

ఓనరు గారు తల పట్టుకుని, “దీని దగ్గర ఎప్పుడూ ఒక మనిషి ఉండాల్సిందే” అంటూ మా అబ్బాయినే ఉండమన్నారు. హమ్మయ్య అనుకున్నాను. ఇంటికొచ్చేసరికి, అది ఆగినప్పుడల్లా వాణ్నే తిడతారేమోనని ఇంకో బెంగ పట్టుకుంది. మీకూ ఇంతేనాండీ, నాకేనా?