కిటికీ దగ్గర చదివిన వాగ్దానాలు

పాప తొమ్మిది రోజులు బతికింది. గద్వాల దవాఖానలో, పై అంతస్తులో. గుండె సరిగ్గా ఏర్పడలేదన్నారు. ఎవరి తప్పూ లేదన్నారు. నేనూ ఎవరినీ తిట్టలేదు, తిట్టాలనీ అనిపించలేదు. గట్టు అనే ఊరికి పోయే దారిలో మేము అద్దెకుంటున్న రెండు గదుల ఇంటికి తిరిగొచ్చి, కిటికీ పక్క మంచం మీద పడుకున్నాను. ఎండాకాలం పోయి వానలు పడ్డా అక్కడే ఉన్నాను.

ఏడవలేదు. పాన్‌గల్ నుంచి అమ్మ వచ్చి, పదిహేను రోజులుండి, నా వంతు కూడా తనే ఏడ్చి పోయింది. నా భర్తకు ధరూర్‌లో బోరు మోటార్లు బాగుచేసే షాపుంది. పొద్దున పోతూ "తిన్నవా?" అనేవాడు, సాయంత్రం వచ్చి మళ్లీ "తిన్నవా?" అనేవాడు. "తిన్న" అనేదాన్ని. రోజు మొత్తంలో నేను మాట్లాడింది అంతే. ఒకప్పుడు బడిలో యాభైమంది పిల్లలను ఒక్క కేకతో కూర్చోబెట్టినదాన్ని. ఆ గొంతు ఎటు పోయిందో నేను వెతకలేదు.

అట్లాంటి రోజుల్లో పక్కింటి అవ్వ వచ్చి తలుపు కొట్టింది. కొడుకు, కోడలు పుణెలో కూలిపని చేస్తారు, మనవరాలు హాస్టల్లో ఉంటుంది, ఈమె ఒక్కతే. చేతిలో ప్లాస్టిక్ కవర్లో పెట్టిన ఒక కార్డు ఉంది. కొత్త సంవత్సరం రోజు వాళ్ల చర్చిలో ఒక బుట్టలో బోలెడు కార్డులు వేసి పెడతారు. ఒక్కొక్కరూ కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. దానిమీద ఉన్న వాక్యమే ఆ ఏడాదికి దేవుడు వాళ్లకిచ్చిన వాగ్దానం.

"బిడ్డా, నాకు చదువు రాదు. జర గిండ్ల ఏముందో చదివి పెట్టు."

చదివాను. రెండు వరుసలు. ఆమె వెళ్లిపోయింది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ వచ్చింది.

"నిన్న చదివిన కదా అవ్వా."

"నిన్నటిది నిన్ననే అయిపాయె."

వారం రోజులు అదే కార్డు, అవే రెండు వరుసలు. నాకు విసుగొచ్చింది. ఎనిమిదో రోజు కార్డు వైపు చూస్తూ, అందులో లేనిది చదివాను. వాళ్ల గ్రంథంలో మాటలు ఎట్లా ఉంటాయో నాకు కొంచెం తెలుసు, ఆ తీరులోనే అన్నాను: "మధ్యాహ్న సమయమందు నీ పొరుగువాని తలుపు తట్టకుము."

అవ్వ తలూపింది. "ఆమెన్" అని వెళ్లిపోయింది. పీడ వదిలిందనుకున్నాను. మర్నాడు కిటికీ ఊచల్లోంచి కార్డు లోపలికొచ్చింది.

"తలుపు కొట్టొద్దన్నడు గని, కిటికీ సంగతి ఏం చెప్పలేదు గదా."

ఆ కార్డు మనవరాలు చదివి వినిపించిన రోజే ఆమెకు కంఠతా వచ్చేసిందని నాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. అప్పటికి తెలియదు కాబట్టి, రోజుకొకటి అల్లి చెప్పేదాన్ని. "నీ పప్పులో నేడు ఉప్పు సరిపోవును." "సాయంత్రము వరకు మేస్త్రీ నోటికి విశ్రాంతి కలుగును." నేను నవ్వేదాన్ని కాదు. లెక్కల మాస్టరు ఎక్కాలు అప్పజెప్పించుకున్నట్టు చదివేదాన్ని. ఆమె కూడా నవ్వేది కాదు. అంతే గంభీరంగా ఆమెన్ అని పనికి పోయేది.

ఆమె పని పత్తి విత్తనాల చేలో, మేస్త్రీ కేకల కింద క్రాసింగ్. మా వైపు చాలామంది ఆడవాళ్లకు వానాకాలమంతా అదే పని. మధ్యాహ్నం నుంచి ఆడ మొక్కల మొగ్గలను గోటితో ఒలిచి, లోపలి పుప్పొడి తీసేసి, గుర్తు పెడతారు. మర్నాడు పొద్దున మగ పువ్వు తెచ్చి దానికి రుద్దుతారు. ఒక్కరోజు ఆగినా ఆ మొగ్గలు దండగైపోతాయి. పొద్దుటి పనికీ మధ్యాహ్నం పనికీ నడుమ అన్నం తినడానికి ఇంటికొచ్చినప్పుడే అవ్వ నా కిటికీ దగ్గరికి వచ్చేది.

ఒకరోజు ఇంకేమీ తోచక, "నీ చేయి ఒలిచిన మొగ్గ ఒక్కటియు రాలిపోదు" అని చదివాను. ఆలోచించి అన్నది కాదు. అవ్వ ఆ రోజు ఆమెన్ అనలేదు. కాసేపు నిలబడి, "గిది అందరికీ చెప్త" అంది.

రెండు రోజులకు చేలో ఆమెతో పనిచేసే ఇంకో ఇద్దరు కార్డులు పట్టుకుని వచ్చారు. వాళ్ల వెనక మూడో ఆమె నుదుట ఇంత బొట్టుతో నిలబడింది. "అక్కా, మేము చర్చికి పోము, కార్డు లేదు. క్యాలెండర్ కాయితం తెచ్చిన. గిండ్లనే నాకొకటి చదువు" అంది. ఆంజనేయస్వామి బొమ్మ కింద తేదీలున్న కాగితం. నేను చెప్పే పిచ్చి మాటలు రోజూ పత్తిచేలో ఈ చివరి నుంచి ఆ చివరికి పోతున్నాయని, వాటికి వాళ్లు పడీపడీ నవ్వుతున్నారని, ఎవరికైనా ఇంట్లో బాగాలేకపోతే ఆ రోజు వాగ్దానం వాళ్లకే ఇచ్చేస్తున్నారని అప్పుడు తెలిసింది. క్యాలెండర్ ఆమెకు కూడా ఏదో చదివాను. ఆమె మురిసిపోయింది. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. నాకు ఇష్టం లేని కూర వండి నలుగురికి వడ్డించినట్టుండేది.

సెప్టెంబర్‌లో అనుకుంటా, అవ్వ కార్డు అందించేటప్పుడు ఎడమ చెయ్యి పైకి లేవడం లేదని గమనించాను. అడిగితే మాట మార్చింది. గట్టిగా అడిగితే లోపలికొచ్చి రవిక సడలించి చూపించింది. రొమ్ములో నిమ్మకాయంత గడ్డ.

"ఎన్నాళ్లయింది?"

"పోయిన వానకాలం నుంచి. ప్రార్థన నూనె రాస్తున్న."

"దవాఖానకు పోలేదా?"

"క్రాసింగ్ అయినాంక పోత. దేవుడు చెప్పాలె గదా."

నాకు కోపమొచ్చింది. మర్నాడు కార్డు ఊచల్లోంచి రాగానే లాక్కుని చదివాను: "లెమ్ము. నేడే గద్వాల దవాఖానకు పొమ్ము."

అవ్వ నా మొహంలోకి చూసింది. "గిది దేవుడు చెప్పిండా, నువ్వు చెప్పినవా?"

"నేనే చెప్పిన."

"గట్లయితే నువ్వు గూడ రా."

ఆ దవాఖానలో నాకు ఏం జరిగిందో ఆమెకు తెలుసు. తెలిసే అడిగింది. నేను కిటికీ మూసేశాను.

రెండు రోజులు తెరవలేదు. ఆమె కూడా రాలేదు. ఆ రెండు రోజులూ గోడకేసి తిరిగి పడుకుని, ఆమె చస్తే నాకేం అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. మూడో రోజు పొద్దున లేచి చెప్పులు వేసుకుని చేను దాకా నడిచాను. అవ్వ పత్తి వరుసలో నడుము వంచి ఉంది. "పా" అన్నాను. మేస్త్రీ అరవబోయాడు. క్యాలెండర్ ఆమె అవ్వ వరుసలోకి వచ్చి నిలబడి, "నీ నోటికి విశ్రాంతి అని దేవుడు ఎప్పుడో చెప్పిండు, ఊకో" అంది.

దవాఖాన గేటు దాటాం. పైకి పోయే మెట్ల వైపు చూడకుండా నడిచాను. ఎక్స్‌రే ఫొటో తీసే గదిలో అవ్వ నర్సుతో, "మంచిగ తియ్యమ్మా, ఆధార్ కార్డుల నన్ను దొంగ లెక్క తీసిండ్రు" అంది. ఈమె నీకేమవుతుందని డాక్టరమ్మ నన్ను చూపించి అడిగితే, "మా పాస్టరమ్మ" అంది. డాక్టరమ్మ నా బొట్టు వైపు, మంగళసూత్రం వైపు చూసి, చీటీ రాయడం మొదలుపెట్టింది. గడ్డలోంచి ముక్క తీసి పరీక్షకు పంపారు.

పదిరోజుల తర్వాత ఇద్దరం మళ్లీ వెళ్లాం. డాక్టరమ్మ నన్నొక్కదాన్నే లోపలికి పిలిచి చెప్పి, కాగితం చేతికిచ్చింది. బయట బల్ల మీద అవ్వ కూర్చుని ఉంది. నేను పక్కన కూర్చున్నాను.

"ఏం రాసిండ్రు? చదువు."

కాగితమంతా ఇంగ్లీషు. నేను ఏం చెప్తే అది. ఒక వానాకాలమంతా లేనివి చదివిన నోరు నాది. 'నీకేమియు కాదు' అన్న మాట నాలుక చివరే ఉంది. ఆమె ఆమెన్ అంటుంది, లేచి ఇంటికి పోతుంది, రేపు పొద్దున చేనుకు పోతుంది.

"క్యాన్సర్ అవ్వా" అన్నాను. "చంకలోకి పాకింది. హైదరాబాద్ పోవాలె. రొమ్ము తీసేస్తరు. చాన రోజులు మందులు ఎక్కిస్తరు. జుట్టు ఊడిపోతది. బతుకుతవో లేదో ఇండ్ల రాయలేదు."

"ఇంకేం లేదా?"

"లేదు."

అవ్వ ఎదురుగోడ వైపు చూస్తూ కూర్చుంది. నా చేతిలో కాగితం టపటపలాడుతుంటే ఫ్యాను గాలికనుకున్నాను. మా నెత్తిమీద ఫ్యాను తిరగడం లేదు. నా చెయ్యే వణుకుతోంది. భయమేసింది. విసుగూ కోపమూ కాకుండా ఐదు నెలల్లో నాకు ఏదైనా అనిపించడం అదే మొదటిసారి. నన్ను ఆ మంచం మీంచి లేపేది ఏదైనా ఉంటే అది సంతోషమో, దేవుడో, మరో కడుపో అని అమ్మ అనేది. వచ్చింది మాత్రం భయం. ఈ ముసలామె పోతుందేమో అన్న భయం.

"జబ్బు నాకైతే నువ్వెందుకు వణుకుతున్నవు?" అంది అవ్వ.

"భయమైతుంది అవ్వా."

ఆమె కాగితం నా చేతిలోంచి తీసుకుని మడిచి, రవికలో దోపుకుంది. "నాగ్గూడ అయితుంది" అంది. అప్పటిదాకా ఆ మాట ఆమె నోట నేను వినలేదు. "ఒక్కదాన్నే అంత భయపడలేను గని, సగం నువ్వు పడు."

సరేనన్నాను. హైదరాబాద్ బస్సు పొద్దున ఎన్ని గంటలకో కనుక్కోవడానికి లేచాను.