వెయ్యేళ్లు ఎగ్గొట్టిన శనివారం

మా చిన్నప్పుడు... శనివారం సాయంత్రమైతే చాలు, గోదావరిఖనిలో మా క్వార్టర్ ముందు అవ్వ చాప పరిచేది. అవ్వ అంటే మా నాయిన తల్లి. శనివారం ఆమెకు ఒక్కపొద్దు. పొద్దున్నుంచి మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టదు. సాయంత్రం దీపం పెట్టి, దేవుడి కథ ఒకటి మొదటి నుంచి చివరిదాకా విన్నాకే అన్నం.

"మేత దొరకకపోతే గొడ్డు గూడ ఉపాసముంటది... కథ ఇంటెనే ఒక్కపొద్దు" అనేది.

అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ పురాణాలన్నీ నోటికే. పాల సముద్రం చిలికిన కథ ఎత్తుకుందంటే, మేం ఖాలా అని పిలిచే ఎదురింటావిడ కూడా పొయ్యి మీద చాయ్ వదిలేసి వచ్చి గోడకు ఆనుకుని కూర్చునేది. విషం పుట్టే చోట "హాయ్ అల్లా" అని చెంపలు పట్టుకునేది. అవ్వకు అది మహా ఇష్టం... ఖాలా రాకపోతే ఆ కథే చెప్పేది కాదు.

నాకు పదేళ్లు రాగానే, తన గొంతు పోయినా కథ పోకూడదని, నాతో చెప్పించడం మొదలుపెట్టింది. నేను చెప్పాలి, ఆమె ఊఁ కొట్టాలి.

నాయిన బొగ్గుగనిలో పంపు ఖలాసి. లోపల ఊరే నీళ్లను పైకి తోడే పంపు దగ్గర డ్యూటీ. మొదటి షిఫ్టు వారమైతే, మేం కథ మధ్యలో ఉండగానే సైకిల్ గంట వినిపించేది.

ఆ శనివారం నేను చెప్పాల్సింది ఏనుగు కథ. మడుగులో దిగిన ఏనుగు కాలును మొసలి పట్టుకుంటుంది... వెయ్యేళ్లు పెనుగులాడి, ఇక నా వల్ల కాదని ఏనుగు దేవుణ్ణి పిలుస్తుంది... ఆయన ఉన్నపళంగా పరుగెత్తుకొస్తాడు. అవ్వ చెబితే ఆ వెయ్యేళ్లకే అరగంట పట్టేది. ఏనుగు ఒడ్డుకు లాగడం, మొసలి నీళ్లలోకి ఈడవడం, ఆడ ఏనుగులు ఏమీ చేయలేక ఒడ్డున నిలబడి చూడడం... ఒక్కటీ వదిలేది కాదు.

నాకేమో ఐదున్నరకు ఖాలా వాళ్లింట్లో టీవీలో సినిమా! మా క్వార్టర్ల లైను మొత్తానికి టీవీ ఉన్నది వాళ్లకే. ముందు చోటు దొరకాలి కదా... అందుకని మొసలి ఇట్లా పట్టుకుంది, దేవుడు అట్లా వచ్చేశాడు. వెయ్యేళ్లు ఎగ్గొట్టేశాను. అవ్వ నన్నొకసారి చూసి, ప్రసాదం చేతిలో పెట్టింది. నేను అటుకులు, బెల్లం నోట్లో కుక్కుకుని ఒకటే ఉరుకు.

సినిమా సగమైంది. ఖాలా భర్త కూడా నాయిన గనిలోనే మెకానిక్, అదే షిఫ్టు. ఆయన చాయ్ తాగుతూ మామూలుగానే అడిగాడు.

"మీ నాయిన ఇంటికొచ్చిండా బిడ్డా? మాతోని పైకి రాలే."

ప్రసాదం తినకుండా పోయినవాళ్ల పడవలు మునిగిన కథలు అవ్వ దగ్గర ఎన్ని వినలేదు? నేనేమో ఏకంగా కథనే మింగేశాను. నాయిన ఉన్నది కూడా నీళ్ల దగ్గరే...

ఇంటికి పరుగెత్తాను. అమ్మ లైను చివర నిలబడి రోడ్డు వైపే చూస్తోంది. అవ్వ ముందు కంచంలో అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది. నా కథ చెల్లలేదనే తినలేదనుకున్నాను. ఆమె ఒళ్లో పడి అంతా చెప్పేశాను... నేను ఎగ్గొట్టినందుకే దేవుడు నాయినను పట్టుకున్నాడని.

అవ్వ కొంగుతో నా మొహం తుడిచింది.

"పట్టుకునేది మొసలి బిడ్డా... ఇడిపించేటోడు దేవుడు. కథ తప్పితే ఆయన గూడ పట్టుకుంటడంటే, ఆయనకూ మొసలికీ ఫరకేంది?"

కొడుకు రాకుండా ముద్ద దిగడం లేదని, కథకూ దానికీ సంబంధం లేదని చెప్పింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుంది.

"మల్ల చెప్పు. ఈసారి ఉరుకకు."

ఖాలా టీవీ కట్టేసి వచ్చింది. మా అమ్మను చెయ్యి పట్టి తీసుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకుంది. నేను చెప్పాను... ఏనుగు లాగడం, మొసలి ఈడవడం, ఒడ్డున ఆడ ఏనుగులు. నాకు ఏడుపొచ్చిన ప్రతిసారీ అవ్వ కథను ఆపేది. తొందరపెట్టేది కాదు. వీపు మీద చెయ్యి వేసి, నేను మళ్లీ అందుకునేదాకా కూర్చునేది. ఆ వెయ్యేళ్లు అంత పొడుగ్గా ఎందుకు చెప్పేదో నాకు ఆ రోజే తెలిసింది. మా లైనులో ఆడవాళ్లంతా రోజూ ఉండేది ఆ ఒడ్డునే.

కథలో దేవుడు ఇంకా బయలుదేరనే లేదు... వాకిట్లో సైకిల్ ఆగింది.

రెండో షిఫ్టు మనిషి రావడం ఆలస్యమైతే, పంపు వదిలి రాలేక ఆగాడట నాయిన. అంతే సంగతి. అమ్మ అప్పుడు ఏడ్చింది. అవ్వ మాత్రం చాప మీద నుంచి లేవలేదు. "కూసో కొడుకా, కథ ఇంకా ఒడువలే" అంది. నాయిన బొగ్గు మొహంతోనే మెట్టు మీద కూర్చుని, ఏనుగు ఒడ్డెక్కేదాకా విన్నాడు. ఆ తర్వాతే తల్లీకొడుకులు పక్కపక్కన కూర్చుని తిన్నారు.

పెద్దయ్యాక ఎందరో పండితుల ప్రవచనాలు విన్నాను. గొప్పగా చెప్పారు, దండం పెట్టాను. కానీ దేవుడికీ మొసలికీ ఫరకేందని, తేడా ఏముందని అడిగిన మనిషి మా అవ్వ ఒక్కతే. సంతకానికి వేలిముద్ర వేసే మనిషి... దేవుడంటే నాకున్న భయాన్ని ఒక్క మాటతో తీసేసింది.

ఇప్పుడు నేను శ్రీరాంపూర్‌లో ఉంటున్నాను. మా ఆయనదీ గనిలో షిఫ్టు డ్యూటీయే. అవ్వ లేదు. ఆయన ఇంటికొచ్చే వేళకు ఫోన్‌లో పురాణం పెట్టుకుంటాను. మొన్న ఏనుగు కథే వచ్చింది... భలే గొంతు, ఒక్క మాట తప్పు పోలేదు. వింటూ వింటూ ఏడ్చేశాను. అది తన పాటికి తాను చెప్పుకుంటూ తర్వాతి కథలోకి వెళ్లిపోయింది.

మీరు ఏడిస్తే... కథ ఆపి మీ కోసం కూర్చున్న మనిషి ఎవరు? ఒక్కసారి వాళ్ల పేరు ఇక్కడ రాయరూ...