గొంతు సవరించుకున్న నిశ్శబ్దం

షార్ట్ ఫిల్ములు తీసేవాళ్లకు ఒక అలవాటుంది. షూటింగ్ ముగిశాక, సామాను సర్దే ముందు, అందరూ కదలకుండా నిలబడి ఆ గది నిశ్శబ్దాన్ని రికార్డు చేస్తారు. తరువాత దాన్ని మాటల మధ్య ఖాళీల కింద పరుస్తారు. నాంపల్లి స్టేషన్ వెనుక ఒక పాత లాడ్జిలో మేమూ అలాగే చేశాం. ఆ నిశ్శబ్దంలో ఎవరో గొంతు సవరించుకున్నారు.

కాలేజీ డిబేట్లలో నాకు బాగా తెలిసిన శబ్దం అది. మాట్లాడబోయే మనిషి చేసేది. గదిలో నేనూ, సౌండ్ చూసే నా స్నేహితురాలూ తప్ప ఎవరూ లేరు.

"పైపు చప్పుడై ఉంటుందిరా, తీసేద్దాం," అంది తను.

ఉన్నదాన్ని లేదనడం అబద్ధమని వాదించి, చివరి దృశ్యంలో ఖాళీ మంచం కనబడేటప్పుడు వినబడేలా దాన్ని ఉంచాను.

ఫోన్లలో పంపితే ఎవరూ చివరిదాకా చూడని ఆ చిత్రాన్ని ఒక చిత్రోత్సవం వారు పెద్ద హాల్లో వేస్తామన్నారు, ఆ శబ్దం తీసేస్తే. అది వినగానే, ఎంపిక కోసం చూస్తున్నవాళ్లు తెర వదిలి వెనక్కి తిరుగుతున్నారట. హాలు నిండా మనుషులు: మేము కోరుకున్నది అదొక్కటే. ఒప్పుకున్నాను.

ఆ శబ్దం తీసి పంపేముందు, గది అడిగినప్పుడు మాట ఇచ్చినట్టు, లాడ్జి యజమానురాలికి ఉన్నదున్నట్టు చూపించాం. అబిడ్స్‌లో ఒక ఆఫీసు మేడ మీద, మధ్యాహ్నం, కిటికీలకు దుప్పట్లు కట్టి. ఆ పెద్దావిడ వెనక కుర్చీలో కూర్చున్నారు. ఖాళీ మంచం వచ్చింది. ఆ చప్పుడు వినబడింది. నా చిత్రం చూస్తూ నేనే వెనక్కి తిరిగాను.

ఆమె అప్పటికే లేచి కొంగు సర్దుకుంటున్నారు. "ఔ, వస్తున్న," అన్నారు.

లైటు వేశాక ఆమె సిగ్గుపడ్డారు. చనిపోయిన భర్త తనను ఎన్నడూ పేరు పెట్టి పిలవలేదట. ఛాయ్ కావాలన్నా గొంతు సవరించుకునేవారట. మేము చిత్రం తీసిన లాడ్జి గదిలోనే మంచం పట్టారట. చిత్రోత్సవం వారు ఆ శబ్దం తీసేయమన్నారని చెప్పాను.

"తీస్తే గాయన నన్నెట్ల పిలుస్తడు బిడ్డా?"

ఆమెకు శబ్దం ఉన్న కాపీ, చిత్రోత్సవం వారికి లేని కాపీ ఇవ్వవచ్చునంది స్నేహితురాలు. న్యాయమైన మాటే. కానీ ఆమెకు ఉన్నాడని, వారికి లేడని చెప్పే చిత్రం నాది కాలేదు. ఉన్నది ఉన్నట్టే పంపాను. హాలు దక్కలేదు.

చిత్రాన్ని ఆమె ఫోన్లో వేసి ఇచ్చాను. మొన్న మొజంజాహీ మార్కెట్లో పండ్లు కొని లాడ్జికి వెళ్తే, ఆమె ఆ గదికి ఛాయ్ తీసుకువెళ్తూ కనబడ్డారు. చిత్రం చూస్తున్నారా అని అడిగాను.

"గిప్పుడు ఫోన్ ఎందుకు బిడ్డా," అన్నారు, మెల్లగా. "ఊకెనే ఇనొస్తున్నది."