ఎలీసమ్మ తిరగెయ్యని సైకిల్

మీరనుకున్నదీ నిజమేనండి, సైకిల్ రిపేరుకొస్తే ముందు దాన్ని తిరగెయ్యాల్సిందే కదా. సీటు కిందకి, చక్రాలు పైకి. మా వదిన ఎలీసమ్మ అయితే ఒంటిచేత్తో తిరగేస్తుంది. చీర కుచ్చెళ్ళు పైకి దోపుకుని, ఒక్క ఊపులో. సాలూరులో లారీ షెడ్ల మధ్య ఆవిడ సైకిల్ షాపు. వాళ్ళ నాన్న నుంచి వచ్చింది. ఆ తిరగేయడం కూడా ఆయన నుంచి వచ్చిందే. అది చూడ్డానికే లారీ డ్రైవర్లు టీ గ్లాసు పట్టుకుని అక్కడ నిలబడతారు. ఆ తిరగేయడమే ఒకసారి ఆవిడ కొంప ముంచబోయింది.

2016లో ఆవిడ కూతురు షీబా కొండ సైకిళ్ళ పోటీకి పేరిచ్చింది. ఘాటీ మీంచి మలుపులు తిరుగుతూ కిందకి దిగాలి. స్నేహితురాలు భరణి తన గేర్ల సైకిల్ ఇచ్చింది. దానికి వైరు బ్రేకులుండవు. చక్రం మధ్యలో పళ్ళెం లాంటి రేకు, దాన్ని నొక్కి పట్టడానికి సన్నటి పైపులో నూనె. ఆ ముందు బ్రేకు నొక్కితే మెత్తగా, తడి స్పాంజీ నొక్కినట్టు, లివరు వెళ్ళి హ్యాండిల్‌కి తగిలేది. పోటీ వాళ్ళు పైన పరీక్ష చేస్తారు. లివరు హ్యాండిల్‌కి తగిలిందా, ఇంటికి పంపేస్తారు. పంపకపోతే ఇంకా భయం, కింద లోయ.

మా అన్న విక్టర్ లారీ తోలతాడు. చూసి తేల్చేశాడు.

"పైపులోకి గాలి దూరిపోనాదే. నా బండిలో బ్రేకాయిల్ ఉన్నాది, పోసీ."

"వద్దు నాన్నా!" అంది షీబా. "మినరల్ ఆయిలే పొయ్యాలని దీని మీద రాసున్నాది. నీది పోస్తే లోపల రబ్బర్లు ఉబ్బిపోతాయి."

ఆ నూనె విశాఖపట్నం నుంచి తెప్పించారు. వదిన మందుల షాపులో సిరంజీ కొని, కింద చక్రం దగ్గర్నుంచి నూనె పైకి ఎక్కించింది. లివరు దగ్గర చిన్న నూనె డబ్బా ఉంటుంది, అందులోకి బుడగలు బుడగలుగా గాలి వచ్చేసింది. మూత బిగించి నొక్కితే లివరు రాయిలా ఆగింది. వదిన మమ్మల్నందర్నీ పిలిచి మరీ నొక్కించింది.

తెల్లారి మళ్ళీ మెత్తన. మళ్ళీ చేసింది. మళ్ళీ అదే కథ.

"ఒసే, నీ సేతిలోనే గాలి ఉన్నాదేటే?" అన్నాడు అన్న.

"నీ నోట్లో ఉన్నంత నేదులే!" అంది వదిన. అందిగాని మొహం వాడిపోయింది. పోటీ ముందు రోజు షీబా తిండి కూడా తినలేదు.

ఆ మధ్యాహ్నం మూడోసారి గాలి తీసింది. లివరు గట్టిగా ఉంది. ఇక గొలుసుకి గ్రీజు రాద్దామని సైకిల్‌ని అలవాటుగా, ఒక్క ఊపులో తిరగేసింది. రాసి, మళ్ళీ నిలబెట్టి, ఊరికే లివరు నొక్కింది. మెత్తన.

వెంటనే ఇంట్లోకెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చి, నా మొహం ముందు తలకిందులు చేసింది. సీసా మూతి దగ్గరున్న గాలి బుడగ మెల్లగా అడుగువైపు ఎక్కింది.

"సూసినావా మరిదీ? మూత కింద కూసింత గాలి ఒగ్గేసినాను. నేను తిరగేసినప్పుడల్లా అది పైపులోకి ఎల్లిపోతన్నాది. దొంగని ఇంట్లో ఎట్టుకుని ఊరంతా ఎతికినాను!"

దూలానికి తాడేసి, హ్యాండిల్ అన్నిటికన్నా పైనుండేలా సైకిల్‌ని నిలువుగా కట్టింది. స్క్రూడ్రైవర్ పిడితో పైపుని కింద నుంచి పైకి తట్టుకుంటూ వచ్చింది. లివర్ని కొంచెం కొంచెం నొక్కి వదిలింది. బుడగలు పైకొచ్చాక డబ్బా అంచుల దాకా నూనె పోసి, గాలికి చోటు లేకుండా మూసింది. నొక్కిన పట్టు రాత్రంతా నిలుస్తుందో లేదో చూద్దామని పాత ట్యూబు ముక్కతో లివర్ని హ్యాండిల్‌కి బిగించి కట్టి వదిలేసింది. పొద్దున్న కట్టు విప్పి చూస్తే గట్టిగా ఉంది.

పోటీ చూడ్డానికి వదిన కూడా వస్తానంది. అప్పుడే కోమట్ల కాంతమ్మ గారు సరుకులు మోసే సైకిల్ పంచరని తోయించుకుంటూ వచ్చింది.

"ఒలే ఎలీసమ్మా, బేగి సేసి ఇంటికాడ దించేయే."

"ఇప్పుడే అమ్మా" అని వదిన తిరగేసింది. ట్యూబు లాగింది. ఇంతలో మమ్మల్ని ఘాటీ పైకి తీసుకెళ్ళే జీపు హారన్ కొట్టింది.

పైన పరీక్ష చేసినాయన లివరు రెండుసార్లు నొక్కి తలూపాడు. షీబా నవ్వింది, మూడు రోజుల్లో మొదటిసారి. ఇంతలో నెంబరు బిళ్ళ కట్టే కుర్రాడు సుళువుగా ఉంటుందని సైకిల్‌ని ఎత్తి తిరగేయబోయాడు.

"ఒరే ఒరే! తిరగెయ్యకురా నాయనా!"

ఘాటీ అంతా వినపడింది. జనానికి అడ్డంగా కట్టిన తాడు దాటి పరిగెత్తి చక్రం పట్టేసుకుంది మా వదిన. జీవితమంతా సైకిళ్ళు తిరగేసిన మనిషి! జనం నవ్వారు. ఆవిడ పట్టించుకోలేదు. బిళ్ళ కట్టేదాకా చక్రం వదల్లేదు. ఆ తర్వాతే మేం జీపులో ముందుగా కిందకి దిగాం.

షీబా నాలుగోది వచ్చింది. బహుమతి మూడింటికే. అయితేనేం, ఆఖరి మలుపులో ఇద్దరు మట్టిలోకి జారిపోతే, మా పిల్ల రెండు వేళ్ళతో బ్రేకు పట్టి గీత గీసినట్టు తిరిగింది. కిందకొచ్చి సరిగ్గా వాళ్ళమ్మ కాళ్ళ దగ్గర ఆపింది. మా అన్న కనపడ్డవాడికల్లా చెప్పాడు, "ఆ బ్రేకు మా ఇంటిదే బాగుసేసినాది!"

సాయంత్రం ఊళ్ళోకి దిగేసరికి షాపు ముందు కాంతమ్మ గారు నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"నా సైకిలేటైనాదే?"

సైకిల్ పొద్దున్న పెట్టినట్టే ఉంది. చక్రాలు పైకి, ట్యూబు బయటికి వేలాడుతూ.