బ్రహ్మచారికి వినపడని మోత

కార్ఖానా బస్తీలో మెకానిక్ బ్రహ్మచారి షెడ్డుకి బోర్డు కూడా లేదు. అయినా మారేడ్‌పల్లి నుంచి, నేరేడ్‌మెట్ నుంచి కార్లు వెతుక్కుంటూ వచ్చేవి. చక్రంలోంచి మోత వస్తోందంటే చాలు, చాలాచోట్ల బేరింగులన్నీ మార్చాలని పెద్ద ఎస్టిమేటు చేతిలో పెడతారు. బ్రహ్మచారి అలా కాదు. ముందు బండి తనే నడిపి, స్టీరింగు ఏ పక్కకి తిప్పితే మోత పెరుగుతోందో చెవి పెట్టి వినేవాడు. చాలాసార్లు చెడింది బేరింగు కాదు, ఎగుడుదిగుడుగా అరిగిన టైరని తేలేది.

"ఉత్తగ పైసలెందుకు ఖరాబ్ చేసుకుంటరు సార్? టైర్లు ముందుయి ఎనకకేస్త, నడుపుకోండ్రి" అనేవాడు. బేరింగే పోయుంటే, పోయినదొక్కటే మార్చేవాడు.

అతను తండ్రి కొలిమి పక్కన పెరిగినవాడు. ఆ తర్వాత బతుకంతా సుత్తి, గ్రైండరు. ఆ చప్పుళ్లే మెల్లమెల్లగా అతని చెవుల్ని తినేశాయి.

ముందు పసిగట్టింది భార్య భవాని.

"ఎప్పటిసంది పిలుస్తున్న, ఇనపడ్తలేదా? కుక్కర్ కూతలు సుత ఇంటలేవు నువ్వు. చెవుల డాక్టర్‌కి సూపిద్దాం పా."

"జెర ఊకో భవానీ. బ్రహ్మచారికి చెవులు పోయినయని తెలిస్తే షెడ్డుకెవడొస్తడు?"

అది భవానికీ తెలుసు. ఆ మాటలో అబద్ధమేమీ లేదు మరి.

ఆ వేసవిలో జోగారావు తన పాత కారు తీసుకొచ్చాడు. కాకినాడ నుంచి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడి, బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. బ్రహ్మచారి మాట ఆయనకి వేదం.

"ముందు చక్రాలు మోతెక్కిపోతున్నాయయ్యా బ్రహ్మం. షోరూమ్‌లో రెండు పక్కలా బేరింగులు మార్చాలంటున్నారు. నువ్వు చూసి చెప్పు, నువ్వెలా అంటే అలాగే."

బ్రహ్మచారి ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిపాడు. లీలగా ఏదో వినిపించినట్టయింది. ఎక్కడో తెలియలేదు. జాకీ ఎక్కించి చక్రం చేత్తో తిప్పి చూస్తే గరగర చేతికైనా తెలిసేది. కానీ ఒక్కసారి నడిపి చెప్పేసే మనిషికి, ఇప్పుడు ఆయన ముందు జాకీ తీయడం నామోషీ అనిపించింది.

"బేరింగ్ కాదు సార్. టైర్ల సప్పుడే."

జోగారావు సంతోషంగా టైర్లు ముందువి వెనక్కి మార్పించుకుని వెళ్లిపోయాడు. మోత తగ్గకపోయినా, బ్రహ్మం చెప్పాడు కదా అని అలాగే నడిపాడు.

కొన్ని వారాల తర్వాత భార్య రాజ్యంతో కలిసి నేరేడ్‌మెట్‌లో పెళ్లికి వెళ్తుంటే ముందు చక్రం తిరగకుండా పట్టేసింది. కారు డివైడర్‌ని గుద్దుకుంది. జోగారావుకి చిన్న గాయాలతో పోయింది. రాజ్యం కుడి భుజం నుజ్జయింది.

కారు చూడమని జోగారావే ఫోన్ చేయించాడు. బ్రహ్మచారి వెళ్లి చక్రం ఊడదీశాడు. లోపల బేరింగు గుండ్లు నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఒక్క రోజులో పాడయ్యేది కాదది. తన దగ్గరికొచ్చిన నాటికే పోయింది.

ఆసుపత్రి నుంచి వాళ్లు ఇంటికొచ్చాక చూడ్డానికెళ్లాడు. తలుపు తీసే ఉంది. రాజ్యం కుర్చీలో కూర్చుని ఉంది. వెనక నిలబడి జోగారావు ఆమెకి జడ వేస్తున్నాడు. పాయలు అందక జారిపోతున్నాయి.

"రావయ్యా" అన్నాడు జోగారావు. "ఈవిడ చెయ్యి ఇక పైకి లేవదట. అందుకే ఈ విద్య నేర్చుకుంటున్నా. కారు చూశావా? పాత బండి, దాని కాలం తీరిపోయింది. నువ్వేం చేస్తావులే."

ఆ మాట పట్టుకుని బయటపడి ఉండొచ్చు. బ్రహ్మచారి వల్ల కాలేదు.

"కాదు సార్. బేరింగే పోయింది. ఆ రోజు సుత పోయే ఉండె. నాకు చెవులు సక్కగ ఇనపడ్తలేవు సార్. చానా దినాల సంది. చెప్తే గిరాకీ పోతదని దాచిన."

జోగారావు చేతిలోని దువ్వెన ఆగిపోయింది.

"ఆ ముక్క అప్పుడే చెప్పుంటే, ఎంతైతే అంత పోసి షోరూమ్‌లోనే చేయించుకునేవాణ్ణి కదయ్యా" అన్నాడు. గొంతు పెంచలేదు. రాజ్యం తల తిప్పి చూడలేదు. కూర్చోమని ఎవరూ అనలేదు. బ్రహ్మచారి వచ్చేశాడు.

చెవి మిషన్ పెట్టించుకున్నాడు. ట్రాఫిక్, గాలి, ఇంజను అన్నీ కలిసి ఒకటే రొదగా వినిపించేవి. ఎవరైనా చక్రం మోత అంటూ వస్తే, "నాకు ఇనపడదు సార్, వేరే కాడ సూపించుకోండ్రి" అని పంపేసేవాడు. ఏడాది తిరక్కుండానే షెడ్డు ఖాళీ చేశాడు. ఇప్పుడు రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల దుకాణంలో కౌంటర్ దగ్గర నిలబడతాడు.

మొన్న మారేడ్‌పల్లి మలుపులో జోగారావు దంపతులు ఆటో ఎక్కుతూ కనిపించారు. జోగారావు ఇటు చూసి చెయ్యెత్తి ఏదో అన్నాడు. బస్సుల హోరులో బ్రహ్మచారికి ఒక్క ముక్కా అందలేదు. రోడ్డు దాటేలోపే ఆటో వెళ్లిపోయింది.

ఇంటికొచ్చి చెబితే భవాని అడిగింది, "ఏమన్నడు?"

"ఏమో. తిట్టిండో, పలకరించిండో."

"వాళ్లింటికి పోయి అడుగరాదు?"

బ్రహ్మచారి విననట్టే చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. ఈసారి అతనికి బాగానే వినపడింది.